లేయర్లు పెంచితే జాతర, తగ్గిస్తే ఫ్రిజ్ సప్పుడు: యాంబియెంట్ చేసేటోళ్లు జర దారి చూపున్రి

మిల్లుపక్కోడు · ఆదివారం రాత్రి 11:52

అన్నలకు అక్కలకు నమస్తే. మాది మిర్యాలగూడ. పగలు లెక్కలు రాసే పని, రాత్రి పదకొండు దాటినంక మేడ మీది రూంల కూసొని సింథ్ (కరెంటుతోని స్వరాలు పుట్టించే వాద్యం) గెలుకుడు. సామాను ఎక్కువ లేదు, సెకండ్ హాండ్ల కొన్న చిన్న సింథ్ కోర్గ్ వోల్కా కీస్ ఒకటి, పాత లాప్‌టాప్, అండ్ల రికార్డ్ చేసుకునే రీపర్, ఫ్రీగ దొరికే సాఫ్ట్‌వేర్ సింథ్ సర్జ్ ఎక్స్‌టీ, ఒక చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్. గంతే.

పది పన్నెండు నిమిషాల యాంబియెంట్ పీస్, అంటే దరువు లేకుండ మెల్లగ సాగే మ్యూజిక్, ఒకటి చేద్దామని మూడు నెలల సంది కొట్లాడుతున్న. కింద డ్రోన్ (ఆగకుండ మోగే ఒకే స్వరం), దాని మీద బాస్ సీక్వెన్స్ (తిరిగి తిరిగి వచ్చే స్వరాల వరస), మధ్యల ఇంకో సీక్వెన్స్, పైన చిన్న గంటల లెక్క ఒకటి. మొదటి నిమిషం నాకే మస్తు ముద్దొస్తది, రెండో నిమిషానికి ఆవలింత, మూడో నిమిషానికి బోర్ కొడ్తుందని ఇంకో లేయర్ ఏస్త, అది గూడ బోర్ కొడ్తే ఇంకోటి, ఆఖరికి పెద్దగట్టు జాతరల పోరడు తప్పిపోయినట్టు అయితుంది, ఏ సప్పుడు ఎక్కడికెల్లి వస్తుందో నాకే తెలుస్తలేదు. అన్నీ తీసేస్తే మా చెల్లె వచ్చి ఫ్రిజ్ పాడైందా అన్నా అంటది.

రెండో తక్లీఫ్ ఏందంటే రికార్డింగ్ అంతట గుయ్య్ మని ఒకటే హమ్. మా ఇంటి పక్కనే రైస్ మిల్లు, పేరు జూస్తేనే తెలుస్తది గదా. చెప్పున్రి ఏం చేయాలె.

డీజే_దేవరకొండ · ఆదివారం రాత్రి 11:58

ఫ్రిజ్ సప్పుడు కోసం మూడు నెలలా తమ్మీ? మా ఇంట్ల ఒకటున్నది, రిపేర్ చేపియ్యకుండ అట్లనే పంపిస్త, డైరెక్ట్ రికార్డ్ చేస్కో 😂

పాలమూరు_ప్యాడ్ · సోమవారం ఉదయం 12:31

దేవరకొండన్నా నువ్వు బతుకమ్మకు పెట్టే డీజే గురించి మేం గూడ మాట్లాడాల్నా ఇప్పుడు?

మిల్లుపక్కోడు తమ్మీ, నీ సీక్వెన్సులన్నీ ఎన్ని స్టెప్పులు, అంటే ఒక్కో వరసల ఎన్ని గడులు? అన్నీ 16ఏ పెట్టినవా? నాకైతే అదే అనుమానం.

మిల్లుపక్కోడు · సోమవారం ఉదయం 7:10

అవునన్నా అన్నీ 16ఏ. ఎవరో వీడియోల వేర్వేరు పొడుగు పెట్టుమని చెప్తే ఒకసారి 8, 12, 16 గూడ పెట్టి చూసిన. తేడా ఏం రాలే.

పాలమూరు_ప్యాడ్ · సోమవారం రాత్రి 9:44

గదే మరి, ఆ 8, 12, 16 పెట్టుడే నీ కొంప ముంచింది. చిన్నప్పుడు స్కూల్ల క.సా.గు. చేసినం గదా, ఎందుకు పనికొస్తదిరా ఇది అని తిట్టుకుంట, గీడ పనికొస్తది. 8, 12, 16 కు క.సా.గు. 48. నీ టెంపో 60 పెట్టి సిక్స్‌టీన్త్ నోట్లు ఆడిస్తే సెకనుకు 4 స్టెప్పులు పోతయి, అంటే 12 సెకన్లకోసారి మొత్తం అంత మళ్లా మొదటికే వస్తుంది. పన్నెండు సెకన్లకే చెవి పట్టేస్తది. చెవికి ఒకసారి తెలిసిపోయిందంటే నువ్వు మీద ఎన్ని లేయర్లు ఏసినా గంతే, గోడకు సున్నం కొట్టినట్టు.

ఇగ 7, 11, 16 పెట్టి చూడు. వీటి మధ్యల కామన్ ఏం లేదు, గుణిస్తే 1232 స్టెప్పులు, అంటే 308 సెకన్లు, 5 నిమిషాల 8 సెకన్లు. అంతసేపటి దాక అదే కలయిక మళ్లా రాదు. దానికి 13 స్టెప్పులది ఇంకోటి కలిపినవనుకో 16016 స్టెప్పులు, 4004 సెకన్లు, గంటా 6 నిమిషాల 44 సెకన్లు. నాలుగే నాలుగు చిన్న లూపులు, ఒక్కోదాంట్ల నాలుగైదు నోట్లు, గంట దాటే మ్యూజిక్. నువ్వు కొత్తగ రాసేది ఏం ఉండది.

ఇది నా తెలివి గాదు. ఇంగ్లండ్ మ్యూజిషియన్ బ్రయన్ ఈనో 1978ల ఎయిర్‌పోర్టుల కోసమని చేసిన ఆల్బంల టేపు ముక్కలను లూపులు చేసి ఇదే పని చేసిండు, ఒక లూప్ 23న్నర సెకన్లకు తిరిగొస్తది, ఇంకోటి దాదాపు 26, మూడోది దాదాపు 30. ఒక్కో లూపుల ఉన్నది ఎవరో పాడిన ఒక్క స్వరమే. మిగిలింది ఖాళీ. ఆ ఖాళీ దగ్గర్నే అసలు సంగతున్నది, నువ్వేమో 16 స్టెప్పులకు 16 నోట్లు నింపి ఉంటవు, ఒట్టు పెట్టు కాదని.

వోల్కాల యాక్టివ్ స్టెప్ అని ఉంటది జూడు, వద్దనుకున్న స్టెప్పులు ఆపేస్తే 7కు, 11కు కుదించుకోవచ్చు.

మిల్లుపక్కోడు · సోమవారం రాత్రి 10:20

ఒట్టు పెట్టలేను అన్నా 🙏 16కు 14 నింపిన.

వనపర్తి_వీణ · మంగళవారం ఉదయం 6:05

పాలమూరు తమ్ముడు చెప్పింది తాళాలు నేర్చుకున్నోళ్లకు కొత్తేం కాదు. మిశ్ర చాపు 7, ఖండ చాపు 5, తని ఆవర్తనంల (కచేరిల మృదంగం ఒక్కటే వాయించే జాగ) మృదంగం ఆయన వేరే లెక్కల పోయి పోయి సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకు, వచ్చి పడితే మనకు పానం లేచొస్తది గదా, అదే లెక్క. తేడా ఏందంటే మేం కలిసేదాని కోసం ఎదురుచూస్తం, మీరు కలవకుండ ఉండేదాని కోసం తిప్పలు పడుతున్నరు.

నేను సింథ్ వాయించను, మా అబ్బాయి వాయిస్తడు, పక్క రూంల నుంచి వినీ వినీ ఒక మాట మాత్రం చెప్పగలను. ఏ రాగం పెట్టినవ్ బాబూ? మోహనమే అయి ఉంటది, అందరూ అదే పెడ్తరు, ఐదు స్వరాలే కాబట్టి ఏది ఏదాని మీద పడ్డా గొడవ రాదు. మంచిదే. కాని ప్రతి లేయర్‌కు ఐదు స్వరాలూ ఇస్తే అన్నీ ఒకే మాట మాట్లాడుతున్నట్టు ఉంటది. పంచు. కింద దానికి స, ప రెండే. మధ్య దానికి రి, ద. గాంధారం మాత్రం ఒకే ఒక్క లేయర్‌కు ఇయ్యి, అది గూడ పొడుగ్గా తిరిగే దాంట్ల ఒక్కచోట. మోహనానికి మొత్తం వెలుగు గాంధారం దగ్గరనే ఉంటది, అది ఎప్పుడో ఒకసారి వస్తే చాలు, వచ్చినప్పుడల్లా కిటికీ తెరిచినట్టు ఉంటది.

కందనూలు_కాక · మంగళవారం మధ్యాహ్నం 2:17

నేను 20 ఏండ్లు పెళ్లి ఆర్కెస్ట్రాల కీబోర్డు వాయించిన మనిషిని, కల్వకుర్తి నుంచి అచ్చంపేట దాక మేం తిరగని ఊరు లేదు, క్యాసియోతోని మొదలువెట్టి రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 దాక వచ్చిన, అండ్ల స్ట్రింగ్ ప్యాడ్ ఒకటుంటది దానికి రివెర్బ్, అదే మారుమోత, దట్టంగ ఏసి పొద్దుమూకంగ స్టేజీ ఖాళీగున్నప్పుడు ఒక్కన్నే వాయించేటోన్ని, అప్పుడు దాన్ని యాంబియెంట్ అంటరని తెల్వదు, సౌండ్ చెకింగ్ అనుకునేటోళ్లు.

మీరు స్టెప్పులు స్టెప్పులు అంటుంటే నాకొకటి యాదికొచ్చింది, మాది నాగర్‌కర్నూల్ జిల్లా, లింగాల మండలం అవుసలికుంట దర్శనం మొగులయ్య మా దిక్కోడే, 2022ల పద్మశ్రీ వచ్చింది గదా. ఆయన పట్టుకునేది ఏంది, పన్నెండు మెట్ల కిన్నెర. వెదురుబొంగు మీద మైనంతోని అంటించిన పన్నెండు మెట్లు, కింద సొరకాయ బుర్రలు. మరి స్టెప్ అంటే మెట్టే గదా. అందుకే ఇగనుంచి నేను 16 మెట్ల సీక్వెన్సర్ అంటా, ఎవరు నవ్వినా సరే. ఇంకో మాట, కిన్నెర ఇంటే తెలుస్తది, పాట కింద అదే వరస తిరుగుతనే ఉంటది, మనిషి దాని మీద కత జెప్తడు, మళ్లా వరస మీదికొస్తడు. తిరిగేది తిరుగుతుండాలె, కత ఒకటే ఉండాలె. నువ్వు నలుగురితోని నాలుగు కతలు ఒక్కపాలి చెప్పిస్తున్నవ్ బిడ్డా.

డీజే_దేవరకొండ · మంగళవారం మధ్యాహ్నం 2:40

కాకా దండాలు. 16 మెట్ల సీక్వెన్సర్ సూపరున్నది, నేను గూడ గదే అంట.

కాని ఒక్క మాట, ఇదంత బయటిదేశపోళ్ల పని గదా, మనకు దరువు లేకుంటే ఎట్ల ఎక్కుతది?

పాలమూరు_ప్యాడ్ · మంగళవారం రాత్రి 10:02

బయటిదేశం ఏందన్నా, 1982లనే చరణ్‌జీత్ సింగ్ ముంబైల కూసొని రోలాండ్ టీబీ-303, టీఆర్-808, జూపిటర్-8 మూడు మిషన్లు కలిపి రాగాలను సీక్వెన్సర్ల ఏసి రికార్డు తీసిండు. సినిమాలకు వాయించే మనిషే. అప్పుడు ఎవ్వరు పట్టించుకోలే, ఇరవై ఏండ్ల తర్వాత బయటోళ్లు దాన్ని ఎతికి పట్టుకొని నోరెళ్లబెట్టిన్రు. దాంట్ల దరువు గూడ ఉన్నది నీకోసం, ఇను.

ఎర్తింగన్న · బుధవారం ఉదయం 8:15

అందరు రాగాలు తాళాలు మాట్లాడుతున్నరు, తమ్ముడు అడిగిన రెండో సంగతి ఎవ్వరు ముట్టుకుంటలేరు. నాది సూర్యాపేట, ఎలక్ట్రీషియన్ పని, సీజన్ల సౌండ్ సిస్టం గూడ కడ్త. హమ్ గురించి నన్నడుగు.

ఫస్టు చెవితోనే పసిగట్టాలె. మ్‌మ్‌మ్ అని మెత్తగ గుమ్మడికాయ లెక్క ఉంటే గ్రౌండ్ లూప్ కావచ్చు, 50 హెర్ట్జ్, దాని మీద 100. జర్ర్‌ర్ అని ఈగ లెక్క గీకినట్టుంటే ఇన్వర్టర్, చీప్ ఇన్వర్టర్లు సక్కటి సైన్ వేవ్ ఇయ్యయి, కొసలు తెగిన వేవ్ ఇస్తయి, 150, 250, 350 అన్నీ పట్టుకొస్తయి. నీది ఏది?

ఇప్పుడు గిట్ల చెయ్. వోల్కాకు అడాప్టర్ పీకేసి 6 పెన్సిల్ సెల్లులు ఎయ్. లాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపి. అప్పుడు రికార్డ్ చేసి ఇను. హమ్ పోయిందా, అయితే అది వైరుల ఉన్నది, రెండు సామాన్లు రెండు దారులల్ల ఎర్త్‌కు పోయి మధ్యల చుట్టు తిరుగుతున్నది. అన్నీ ఒకే బోర్డుల పెట్టు, ఇంటర్‌ఫేస్‌కు బ్యాలెన్స్‌డ్ కేబుల్ పెట్టే జాగ ఉంటే అది పెట్టు, వోల్కా నుంచి వచ్చే లైన్ల ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ ఒకటి పెట్టు. సింథ్‌లను కలిపే మిడి ఐదు పిన్నుల కేబుల్‌తోని ఈ లొల్లి ఉండది, లోపల ఆప్టోకప్లర్ పెట్టి వెలుతురుతోని దాటిస్తరు, కరెంటు దారి కలవది. యూఎస్‌బీ తోనే తక్లీఫ్.

హమ్ పోతదని ఎవడన్న ప్లగ్గుల మూడో పిన్ను, పెద్ద పిన్ను, పీకెయ్ అని చెప్తే వాన్ని ఇంటికి రానియ్యకు. షాక్ కొడితే మ్యూజిక్ ఎవరు ఇంటరు.

మీ ఇంటి ఎర్తింగ్ గుంత ఏ జమానాల తీసిన్రు? ఉప్పు, బొగ్గు ఏసి నీళ్లు పోసి ఎన్నేండ్లయింది?

మిల్లుపక్కోడు · బుధవారం రాత్రి 11:33

అన్నా దండం పెడ్త. సెల్లుల మీద నడిపిన, లాప్‌టాప్ బ్యాటరీ మీద పెట్టిన, రికార్డింగ్‌ల హమ్ దెబ్బకు మాయం. అసలు దొంగ లాప్‌టాప్ చార్జర్. ఎర్తింగ్ గుంత మా తాత కట్టిచ్చినప్పటిది, ఇప్పుడు దాని మీద తులసి కోట ఉన్నది 😅

కాని అసలు కత ఇప్పుడు జెప్త. హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టిన, అయినా గుయ్య్ మని వస్తనే ఉన్నది. వైరుల గాదు, గాలిల. పుట్టినప్పటి సంది ఆ సప్పుడుల పడుకున్న మనిషిని కాబట్టి ఎన్నడు పట్టించుకోలే. మిల్లు మోటార్లు, రోడ్డు మీద ట్రాన్స్‌ఫార్మర్, రెండూ కలిసి. ఫోన్‌తోని రికార్డ్ చేసి చూస్తే రీపర్ల సక్కగ 100 దగ్గర గీత లేచింది.

ఇంకోటి, 7, 11, 16 పెట్టిన. ప్యాడ్ అన్నా, నిజంగ బతుకు మారింది. వీణ అక్క చెప్పినట్టు గాంధారం 11 మెట్ల దాంట్ల ఒక్కటే పెట్టిన. అయినా ఎక్కడో మబ్బు మబ్బుగ ఉన్నది, నోట్లు మధ్యల కట్ అవుతున్నయి గూడ.

పాలమూరు_ప్యాడ్ · గురువారం ఉదయం 12:15

కట్ అయ్యేది ఎందుకంటే వోల్కాకు గొంతులు మూడే. రిలీజ్, అంటే నోటు ఇడిసినంక సాగే టైము, ఆరు సెకన్లు పెట్టి ఉంటవు, మూడు నోట్లు ఇంకా సాగుతుండంగనే నాలుగోది వస్తే పాతదాని గొంతు పిసికి దీనికి ఇయ్యాలె. అందుకే రిలీజ్ రెండు సెకన్లకు దించు, సాగుడు పని రివెర్బ్‌కు అప్పజెప్పు. అటాక్ (నోటు పూర్తిగ లేసే టైము) ఒకటిన్నర రెండు సెకన్లు ఉంచితే నోటు తలుపు కొట్టకుండ లోపలికొస్తది.

మబ్బు ఎందుకంటే నువ్వు డ్రోన్‌కు గూడ రివెర్బ్ ఏసినవ్. ఎయ్యకు. రివెర్బ్‌ను ట్రాక్ మీద గాదు, వేరే సెండ్ ట్రాక్‌ల పెట్టు, దానికి ముందల హైపాస్ ఫిల్టర్ 250 హెర్ట్జ్ దగ్గర కొయ్యి, కింది సప్పుడేదీ రివెర్బ్‌లకు పోవద్దు. వానాకాలం చెరువుల బురద లేసినట్టు అయ్యేది దాంతోనే. బాస్ సీక్వెన్స్ లోపాస్ కటాఫ్‌ను (పై సప్పుడు తెగే హద్దును) ఒక ఎల్ఎఫ్ఓతోని (దానంతట అదే మెల్లగ ఊగే కంట్రోల్) మెల్లగ తిప్పు, ఒక రౌండ్ 40 సెకన్లు పట్టేటట్టు. అది గూడ 40 పెట్టకు, 37 పెట్టు 😄

ఇగ నీ మిల్లు సంగతి. 100 హెర్ట్జ్ అన్నవ్ చూడు, నిద్ర పట్టక లెక్క కట్టిన. జీ నోట్ 98 హెర్ట్జ్. 100 అంటే దానికన్న 35 సెంట్లు పైన (ఒక స్వరానికి పక్క స్వరానికి నడుమ 100 సెంట్లు). మన దేశంల కరెంట్ హమ్ ఎక్కడన్నా ఇంతే, జీ మీద ఇంకో 35 సెంట్లు. నీ డ్రోన్ ఏ నోట్ల పెట్టినవ్?

మిల్లుపక్కోడు · గురువారం ఉదయం 7:02

జీ అన్నా!!! అందుకేనా మేడ మీద ఇంటే ఎప్పుడూ ఏదో గుచ్చుకుంటున్నట్టు ఉండేది, అదే ట్రాక్ బస్సుల ఇంటే ఏం ఉండది. నేను నా చెవి ఖరాబైందనుకున్న.

వనపర్తి_వీణ · గురువారం ఉదయం 7:48

చెవి ఖరాబు కాలేదు, బాగున్నది కాబట్టే గుచ్చుకున్నది. పక్కింట్ల తంబూరా మోగుతుంటే మన ఇంట్ల వేరే శృతిల పాడినట్టు.

మరి దాన్నే సా అనుకోరాదూ? ఐదో శృతి మీద ఇంకొంచెం. ఎర్తింగన్న 150, 250 అన్నడు చూడు, నాకు అక్కడ ఆగింది చూపు. 50కి 150 మూడింతలు, అది పంచమం. 250 ఐదింతలు, అది అంతర గాంధారం. తంబూరా సక్కగ శృతి చేస్తే ఎవరూ మీటకుండానే గాంధారం దానంతట అదే వినిపిస్తది, స్వయంభూ గాంధారం అంటరు, మా గురువుగారు దాని కోసం చెవి పెట్టి కూచోమనేటోరు. నీ కరెంటు సప్పుడుల గూడ అదే ఉన్నది. మోహనం పెట్టుకున్నవ్ గదా, ఇంకేం గావాలె.

ఎర్తింగన్న · గురువారం ఉదయం 9:30

అక్కా ఇన్వర్టర్ గీకుడుల గాంధారం ఎతికిన మనిషిని ఇప్పుడే చూస్తున్న 🙏 ముప్పై ఏండ్ల సంది దాన్ని తీసుడే నా పని.

తమ్మీ ఒకటి యాదుంచుకో. వైరుల ఉన్న హమ్ తియ్యాల్సిందే, అది జబ్బు. గాలిల ఉన్నది నీ ఇష్టం. ఇంకోటి, 50 అంటే గోడ గడియారం లెక్క కచ్చితం అనుకోకు. గ్రిడ్ 49.90 నుంచి 50.05 మధ్యల ఊగుతుంటది, సాయంత్రం లోడ్ పడ్డప్పుడు జర దిగుతది.

పాలమూరు_ప్యాడ్ · గురువారం ఉదయం 9:55

49.9 అయినా మూడున్నర సెంట్లే తేడా. డ్రోన్‌తోని కలిస్తే అయిదు సెకన్లకో పది సెకన్లకో ఒక అల లెక్క లేస్తది. నేను డీట్యూన్ పెట్టి, అంటే శృతి జర తప్పిచ్చి, దొంగతనంగ తెచ్చేది నీకు ఫ్రీగ వస్తుంది, ఏడ్వాలో నవ్వాలో తెలుస్తలేదు.

సర్జ్‌ల ట్యూనింగ్ మార్చుకోవచ్చు, ‘ఏ’ (A) అనే నోటు 440 హెర్ట్జ్ బదులు 449 పెట్టు. వోల్కాను విడిగ రికార్డ్ చేసి రీపర్ల ఐటెం పిచ్ 35 సెంట్లు లేపు. మే నెలల మేడ రూంల ఉంటవు కాబట్టి వోల్కా ఎట్లాగూ శృతి జారుతది, అనలాగ్ గదా, ట్యూన్ చేసి గంట ఆగి మళ్లా ట్యూన్ చెయ్.

కందనూలు_కాక · గురువారం సాయంత్రం 6:40

ఇదంత నాకు మంచిగనే అనిపిస్తుంది గాని ఒక మాట, మిల్లుకు శృతి చేసి పాట కడితే మిర్యాలగూడల మోగుతది, ఆ పాట మా ఊర్ల ఎవడన్న ఇంటే వానికి మిల్లు ఏది? అందుకే మిల్లు సప్పుడు గూడ కొంచెం రికార్డ్ చేసి లోపల పెట్టాలె, లేకుంటే సగం తంబూరా ఇంటికాడ ఇడిసిపెట్టి కచేరికి వచ్చినట్టయితది.

మిల్లుపక్కోడు · పక్క ఆదివారం ఉదయం 1:26

అందరికి చెప్పాలె, అందుకే పడుకోకుండ రాస్తున్న.

కాక చెప్పినట్టే ఫోన్‌ను కిటికీల పెట్టి మిల్లును ఒక ట్రాక్‌కు, వోల్కాను సెల్లుల మీద ఒక ట్రాక్‌కు, సర్జ్ డ్రోన్ 449ల, అన్నీ ఒకేసారి లైవ్‌గ మొదలుపెట్టిన. 7 మెట్లది స, ప. 16ది రి, ద, 16ట్ల మూడే నోట్లు. 11ట్ల ఒక్క గాంధారం. పన్నెండు నిమిషాలు టైమర్ పెట్టి చెయ్యి కట్టుకొని కూసున్న, కటాఫ్ ఒక్కటే మెల్లగ తిప్పుకుంట. నాలుగో నిమిషంల అసలు డ్రోన్ ఏదో మిల్లు ఏదో నాకే తెలుస్తలేదు, మా చెల్లె మెట్ల మీద వచ్చి నిలబడ్డది, ఫ్రిజ్ అని అనలే, ఊకె నిలబడ్డది.

6 నిమిషాల 12 సెకన్లకు కరెంటు పోయింది.

మిల్లు ఆగిపోయింది. ట్రాన్స్‌ఫార్మర్ ఆగిపోయింది. లాప్‌టాప్ బ్యాటరీ మీద, వోల్కా సెల్లుల మీద, రెండూ ఆడుతనే ఉన్నయి, ఫోన్ రికార్డ్ చేస్తనే ఉన్నది. కింది నుంచి నేల గుంజేసినట్టు అయింది. కాల్వ దిక్కు కప్పల సప్పుడు అప్పుడు వినవడ్డది, అంతదాక అవి అర్సుకుంటనే ఉన్నయేమో మరి. ఎనకకెల్లి అవతల ఫంక్షన్ హాల్ల జనరేటర్ మొదలైంది, అది మాత్రం నా డ్రోన్‌కన్న పైన ఉన్నది, రెండూ తగులుకొని వొవ్ వొవ్ వొవ్ అని గబగబ కొట్టుకున్నయి, మళ్లా అది మెల్లగ మెల్లగ నిదానమై, ఒక ఇరవై సెకన్లకు దాదాపు ఆగిపోయింది. నా చేతులు చల్లబడ్డయి. అదేందో ఎవరన్న చెప్పున్రి.

ఎర్తింగన్న · ఆదివారం ఉదయం 8:04

జనరేటర్ ఖాళీగ తిరిగేటప్పుడు 52 హెర్ట్జ్ దాక పోతది, గవర్నర్‌ను (ఇంజను స్పీడు పట్టి ఉంచే భాగం) అట్లనే సెట్ చేస్తరు, లోడ్ పడితే దిగుతదని. 4 సిలిండర్ల ఇంజను 1500 మీద తిరిగితే సెకనుకు 25 రౌండ్లు, రౌండ్‌కు రెండు దెబ్బలు, అంటే 50. ఖాళీగ 1560 తిరిగితే 52. దాని మీది స్వరం 104, నీ డ్రోన్ 100, సెకనుకు 4 దెబ్బలు కొట్టుకుంటయి, నువ్వు వొవ్ వొవ్ అన్నది గదే. ఫంక్షన్ హాలోళ్లు ఒక్కో ఏసీ, ఒక్కో లైటు ఆన్ చేసుకుంట పోయిన్రు, లోడ్ పడ్డకొద్ది 51, యాభైన్నర, 50, నీ దెబ్బలు నిదానమైనయి. దయ్యం ఏం గాదు.

పాలమూరు_ప్యాడ్ · ఆదివారం ఉదయం 8:20

దీన్ని ప్రోగ్రాం చేయాలంటే నాకు ఒక రాత్రి పడ్తది. ఒక్కటి గూడ ముట్టుకోకు, వాల్యూం గూడ. అట్లనే ఎక్కించు.

కందనూలు_కాక · ఆదివారం ఉదయం 9:11

నేనొప్పుకోను. కరెంటు పోయిన జాగ ఉంచు, కప్పలు ఉంచు, జనరేటర్ వచ్చేటాలకు కోసెయ్. పెళ్లిళ్లల్ల ముప్పై వేల సార్లు ఆ జనరేటర్ పక్కన నిలబడి వాయించిన, నా చెవులు పాడుచేసిందే అది, మళ్లా పాటల గూడ ఇనాల్నా.

వనపర్తి_వీణ · ఆదివారం ఉదయం 9:40

కాకా, శృతి తప్పి వచ్చి శృతిల కలిసే ఆ ఇరవై సెకన్లే నాకు కావాలె. తంబూరా బిరడ తిప్పేటప్పుడు వినేది అదే. బాబూ, కరెంటు పోయినంక గాంధారం ఎన్నిసార్లు వచ్చింది? లెక్కపెట్టి చెప్పు.

మిల్లుపక్కోడు · ఆదివారం మధ్యాహ్నం 12:30

అక్కా 11 మెట్లకోసారి అంటే 2.75 సెకన్లకోసారి రావాలె గదా, మరీ తొందరగ వస్తుందని మొన్ననే ఆ ఒక్క లేయర్ టెంపో నాలుగో వంతుకు దించిన, వోల్కాల ఆ సదుపాయం ఉన్నది, ఇప్పుడు 11 సెకన్లకోసారి. కరెంటు పోయి జనరేటర్ వచ్చే మధ్యల నాలుగుసార్లు వచ్చింది. రెండోసారి వచ్చినప్పుడు కప్ప ఒకటి సరిగ్గ దాని మీదనే అరిచింది.

రెండు వర్షన్లు పెడ్త, ఒకటి కాకకు.

డీజే_దేవరకొండ · ఆదివారం మధ్యాహ్నం 12:41

ఆ కప్పకు క్రెడిట్ ఇయ్యి తమ్మీ. ఇన్నా నేను మొత్తం, పన్నెండు నిమిషాలు, దరువు ఏడ వస్తదా అని చూసుకుంట చూసుకుంట అయిపోయింది. ఇంకోసారి పెట్టిన.

ఎర్తింగన్న · ఆదివారం సాయంత్రం 5:55

అంత బాగనే ఉన్నది. ఉప్పు తెచ్చినవా? తులసి కోట పక్కకు జరిపి నీళ్లన్న పొయ్యిన్రి, ఎండకాలం.